తెల్లవారితే భక్తిరంజని

ఆకాశవాణి కథ – 6వ భాగం

పోయిన వారం మద్రాసులో, ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులోని ఈస్ట్‌నుక్ బంగళా దగ్గర ఆగాం. 1938 జూన్ 16న అక్కడ రేడియో కేంద్రం మొదలైందనీ, తమిళమూ తెలుగూ ఒకే గూటిలో వంతులేసుకుని గడిపాయనీ చెప్పుకున్నాం. ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలికి వంటింట్లో దొరికేపాటి చోటే అప్పట్లో తెలుగుకు దక్కింది. పదేళ్లు అలా నెట్టుకొచ్చాక, 1948 డిసెంబరు 1న విజయవాడలో కేంద్రం తెరిచారు. తెలుగు వేరుకాపురం పెట్టింది. హైదరాబాదులో నిజాంగారి డెక్కన్ రేడియో అప్పటికే ఉంది కదా అంటారేమో. ఉంది, కాని దానిది ప్రధానంగా ఉర్దూ గొంతు. 1950 ఏప్రిల్ 1న అది కూడా ఆకాశవాణిలో కలిసింది. ఆ కథ వేరే చెప్పుకోవాలి.

ఈ వారం తేదీలు కాస్త పక్కన పెట్టి ఒక్క రోజును పట్టుకుందాం. ఫలానా తారీఖు అని అడగకండి. మద్రాసు నుంచి వచ్చే ‘వాణి’ పత్రికలో కార్యక్రమాల పట్టికలు ముందుగా అచ్చయ్యేవి. ఇష్టమైన కచేరీ పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టుకున్న ఇళ్లు ఎన్నో. 1950ల నుంచి 1970ల దాకా విజయవాడ వినిపించినవన్నీ ఒకే పట్టికలో కుదించి రాస్తే ఎలా ఉంటుందో, మన రోజు అలా ఉంటుంది. వేళలు ఏళ్ల వెంబడి అటూ ఇటూ జరిగాయి. వరస మాత్రం పెద్దగా మారలేదు.

తెల్లవారుజామున, ఆరు కాకముందే, తంబురా శ్రుతి మీద వయొలిన్ తీసే ఆ చిన్న బాణీతో రోజు మొదలు. తెలుగువాళ్లకు అది సుప్రభాతంతో సమానం. దాన్ని కట్టింది మాత్రం వాల్టర్ కాఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు. నేటి చెక్ దేశంలోని కార్ల్స్‌బాద్‌లో పుట్టి, ఐరోపాలో నాజీల గాలి ముదురుతున్న రోజుల్లో, 1934లో బొంబాయి చేరాడు. తర్వాత అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీతం చూశాడు. ఊరుగాని ఊరు వచ్చిన మనిషి శివరంజని ఛాయలో నాలుగు స్వరాలు కూర్చి పోయాడు. దేశం వాటితో దశాబ్దాల పాటు నిద్ర లేచింది. పొయ్యి రాజేస్తున్న ఏ ఇల్లాలికీ ఆయన పేరు తెలియదు.

తర్వాత వందేమాతరం, ఆ వెనుక మంగళవాద్యం. నాదస్వరం గురించి ఒక మాట చెప్పుకుని ముందుకు పోదాం. తెలుగునాట ఈ వాద్యాన్ని నిలబెట్టినవారిలో ముస్లిం కుటుంబాలది పెద్ద చెయ్యి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా వారిలో అగ్రగణ్యులు. రాములవారి గుడిలో ఆయన ఊదిన కళ్యాణి, రేడియోలో ఊదిన కళ్యాణి ఒకటే. వినేవాళ్లకు అందులో వింత కనిపించేది కాదు. ఈ రోజుల్లో ఆ మాట ప్రత్యేకంగా చెప్పాల్సి రావడమే వింత.

ఇక భక్తిరంజని.

ఈ కార్యక్రమం పేరు చెబితే ఇద్దరు తప్పక గుర్తొస్తారు. ఒకరు బాలాంత్రపు రజనీకాంతరావు. 1920లో నిడదవోలులో పుట్టి, 1941లో మద్రాసు రేడియోలో చేరారు. స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి మద్రాసు నుంచి టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మాదీ స్వతంత్ర దేశం’ ఆయన రచనే. ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రెండోవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930లో శంకరగుప్తంలో పుట్టి, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర చదువుకుని, ఎనిమిదేళ్లకే కచేరీ చేసిన పిల్లవాడు. పెద్దయి అదే ఊరి రేడియోలో ఉద్యోగానికి వచ్చారు. చరిత్ర రాసే బుర్ర ఒకరిది, ఏ పాటనైనా అప్పటికప్పుడు కొత్తగా మలిచే గొంతు మరొకరిది. ఆ రెండూ ఒకే కప్పు కింద పడటం తెలుగువాళ్ల అదృష్టం.

భక్తిరంజనిలో పాడినవి చాలావరకు కచేరీ కృతులు కావు. మునిపల్లె సుబ్రహ్మణ్యకవి అధ్యాత్మ రామాయణ కీర్తనలు, నారాయణ తీర్థుల తరంగాలు, రామదాసు కీర్తనలు, త్యాగరాజస్వామి దివ్యనామ, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు. కచేరీ వేదిక మీద వీటికి చివరి పావుగంటలో చోటిస్తే గొప్ప. అధ్యాత్మ రామాయణ కీర్తనలు ఎవరి దగ్గర బతికి ఉన్నాయి? ఇళ్లలో పెద్దముత్తయిదువుల దగ్గర. పప్పు రుబ్బుతూ, మనవల్ని జోకొడుతూ పాడుకునేవారు. విద్వాంసులు వాటిని ఆడవాళ్ల పాటలని పక్కన పెట్టారు. విజయవాడ వాటిని తెచ్చి, రాగం సరిచూసి, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి వాళ్ల చేత పాడించి, తిరిగి అవే ఇళ్లకు పంపింది. వంటింట్లోంచి స్టూడియోకు వెళ్లిన పాట స్టూడియో నుంచి వంటింటికి వచ్చింది. ఆకాశవాణి మన సంగీతానికి ఏం చేసిందని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. పెద్ద పెద్ద కచేరీల మాట తర్వాత.

అన్నమయ్య సంగతి ఇంకొంచెం చిత్రం. తిరుమల రాగిరేకుల మీద సాహిత్యం దొరికింది, రాగం పేరు దొరికింది, పాట నడక దొరకలేదు. ఎవరో ఒకరు కొత్తగా బాణీ కట్టక తప్పదు. తిరుపతిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ పనికి పూనుకున్నారు. రేడియోలో బాలమురళి, మల్లిక్ వంటివారు తమ వంతు కట్టారు. ఈనాడు పెళ్లి పందిళ్లలో వినిపించే అన్నమయ్య పాటల్లో కొన్నింటి వయసు అయిదు వందల ఏళ్లని మనం మురిసిపోతాం. సాహిత్యానికి ఆ వయసు నిజమే. బాణీ వయసు చాలాసార్లు మన నాన్నగారి వయసు.

ఆరూ యాభై అయిదుకు ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు. ఇవి 1974లో మొదలయ్యాయి. అర్థమైనవాళ్లు కొద్దిమంది, కంఠతా వచ్చినవాళ్లు కోకొల్లలు. ఏడూ అయిదుకు తెలుగు వార్తలు. తర్వాత సినిమా హీరో అయిన కొంగర జగ్గయ్య కూడా కొన్నాళ్లు ఢిల్లీలో తెలుగు వార్తలు చదివినవారే. వార్తలయ్యేసరికి బడి పిల్లలకు తలంట్లు, గుమస్తాలకు చద్దన్నాలు. గోడగడియారం లేని ఇళ్లలో రేడియోయే గడియారం.

వార్తల తర్వాత శాస్త్రీయ సంగీతం. ఇక్కడ స్టూడియోలోకి ఒకసారి తొంగి చూడాలి. టేపు రికార్డర్లు 1950లలో గాని సర్దుకోలేదు. వచ్చాక కూడా టేపు ఖరీదైన వస్తువే. అందుచేత ప్రసారాల్లో అధిక భాగం అప్పటికప్పుడు పాడినవే, వాయించినవే. అందుకే కేంద్రంలో జీతాల మీద ‘నిలయ విద్వాంసులు’ ఉండేవారు. ఈ మాటే చూడండి, ఎంత బాగుందో! ఆస్థాన విద్వాంసుడి కొలువు రాజుగారి దగ్గర. ఇతని కొలువు ప్రసార కేంద్రంలో. వయొలిన్‌కు అన్నవరపు రామస్వామి, మృదంగానికి దండమూడి రామమోహనరావు. ఇటువంటి పక్కవాద్యాలు పొద్దున్నే బందరు రోడ్డు మీద, పున్నమ్మతోటలోని కేంద్రానికి ఆఫీసుకు వెళ్లినట్టు వెళ్లేవి. ఎవరు పాడటానికి వచ్చినా వాళ్లు పక్కన కూర్చోవాలి. ఉదయం భక్తిరంజని, మధ్యాహ్నం లలితగీతం, రాత్రి కచేరీ. కొలువుల కాలం అయిపోయిందని అందరూ దిగులు పడుతున్న రోజుల్లో నెల జీతం ఇచ్చి సంగీతకారుణ్ణి పోషించిన కొత్త సంస్థానం ఇది.

సంస్థానం అన్నాక ఆంక్షలు కూడా ఉంటాయి. వాటిలో పెద్దది గడియారం. సభలో మూడు నాలుగు గంటలు సాగే కచేరీ ఇక్కడ అరగంటలో ఒదగాలి. ఎర్రదీపం వెలిగిందంటే దగ్గు కూడా వినపడుతుంది. గాజు గోడ అవతల అనౌన్సరు గడియారం చూస్తుంటాడు. వర్ణం పాడి, ఒక చిన్న కృతి పాడి, అసలు కీర్తనకు పది పన్నెండు నిమిషాలు మిగుల్చుకోవాలి. ఆలాపన ఎత్తుకున్న విద్వాంసుడు లోకం మరిచిపోతే, స్వరకల్పన నడుమ గొంతు సన్నగిల్లి ప్రకటన వచ్చి పడేది. దీనివల్ల సంగీతం చెడిందన్నవాళ్లు ఉన్నారు. అంత తేలిగ్గా తీర్పు చెప్పలేను. సాగదీత తగ్గి పొందిక వచ్చింది. రాగాన్ని తీరిగ్గా తవ్వే ఓపిక కూడా అదే దారిన పోయింది. వీణకు మాత్రం మైకు చేసిన మేలు అంతా ఇంతా కాదు. నలుగురు కూర్చున్న గదిలో తప్ప వినపడని గమకం ఊరు ఊరంతటికీ వినపడింది. ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఢిల్లీ వెళ్లి ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపే స్థాయికి ఎదిగారు.

ఇప్పుడు నాకు మహా ఇష్టమైన ఘట్టం. సంగీత శిక్షణ.

ఓలేటి వెంకటేశ్వర్లు మాస్టారు. శ్రీపాద పినాకపాణి శిష్యుడు, హిందూస్థానీ గాలి కూడా గట్టిగా తగిలిన గొంతు. కార్యక్రమంలో ఆయన ఒక పంక్తి పాడతారు, స్టూడియోలో కూర్చున్న శిష్యులు తిరిగి పాడతారు. తప్పితే ఆపి, గమకం ఎక్కడ ఊగాలో చెప్పి, మళ్లీ పాడిస్తారు. ఆ తప్పులు కూడా గాల్లో ప్రసారం అయ్యేవి. అసలు గుట్టు అందులోనే ఉంది. కచేరీ వింటే పాట వస్తుంది గాని పాట ఎలా వస్తుందో తెలియదు. పక్కవాడి తప్పు దిద్దుతుంటే మన తప్పు మనకు తెలుస్తుంది. ఏ దివిసీమలోనో, ఏ మన్యపు అంచునో, పది కోసుల దూరంలో సంగీతం మాస్టారు లేని ఊళ్లో ఒక ఆడపిల్ల రేడియో ముందు నోటుబుక్కు పెట్టుకు కూర్చునేది. స్వరం రాసుకోవాలి, సాహిత్యం రాసుకోవాలి, మళ్లీ వచ్చే పాఠం దాకా అదే సాధన. మధ్యలో కరెంటు పోతే పల్లవి ఉంటుంది, చరణం ఉండదు. ఆ చరణం కోసం పక్క ఊళ్లో పుస్తకం ఉన్నవాళ్ల ఇంటికి కబురు.

ఈ పాఠంలో హాజరు పట్టీ లేదు, గురుదక్షిణ లేదు. రేడియో పెట్టుకున్నందుకు పోస్టాఫీసులో కట్టే లైసెన్సు రుసుము ఒక్కటే. కులం అడిగేవాళ్లు లేరు. ఆడపిల్లను పరాయి మగవాడి దగ్గరికి పాటకు పంపాలా అన్న చర్చా లేదు. గురువు ఇంట్లోకే వచ్చాడు, అదీ కనపడకుండా.

అయితే అటువైపు తలుపు అందరికీ తెరిచి లేదు. 1946లో, వల్లభభాయి పటేల్ సమాచార ప్రసార శాఖ చూస్తున్నప్పుడు, వ్యక్తిగత జీవితం మీద అపవాదు ఉన్న గాయనులను రేడియోకు పిలవరాదని ఆదేశం వచ్చింది. దాని దెబ్బ తగిలింది తరతరాలుగా పాటే జీవనంగా ఉన్న వృత్తి గాయనులకు. తెలుగునాట పదాలూ జావళీలూ ఎవరి దగ్గర అచ్చంగా మిగిలి ఉన్నాయంటే కళావంతుల ఇళ్లలో. క్షేత్రయ్యకు స్వాగతం, క్షేత్రయ్యను కాపాడినవాళ్లకు గుమ్మం బయట పీట. భక్తిరంజనిని మెచ్చుకున్న నోటితోనే ఇదీ చెప్పుకోవాలి.

మధ్యాహ్నం గబగబా దాటేద్దాం. స్త్రీల కార్యక్రమం, కార్మికుల కార్యక్రమం, బడి పిల్లలకు పాఠాలు. మద్రాసులో నగర కార్పొరేషన్ 1930ల్లోనే తన బడుల పిల్లలకు సాయంత్రం అరగంట కథలూ పాఠాలూ వినిపించేది. ఆలోచన పాతదే, మంచిదే. చిక్కల్లా బడిలో రేడియో ఉండటం, ఉంటే అది పలకటం, పలికితే ఆ గంటకు లెక్కల మాస్టారు తన పీరియడు వదులుకోవటం. మూడూ కలిసిరావడం అరుదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వీధులు నిశ్శబ్దం. ఉషశ్రీ రామాయణమో భారతమో చెబుతున్నారన్నమాట. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. పేరులోనే పురాణం ఉంది. చదివినట్టుండేది కాదు, అరుగు మీద కూర్చుని ఎదుటివాణ్ణి నిలదీసినట్టుండేది.

ఉషశ్రీ మాట ఎత్తాక ప్రసంగాల భాష సంగతి చెప్పాలి. రేడియో ప్రసంగం అంటే పావుగంట. ముందే రాసి ఇవ్వాలి, కేంద్రంవారు చూడాలి, రాసింది రాసినట్టు చదవాలి. మొదటి రోజుల్లో పండితులు రాసుకొచ్చింది గ్రాంథికం. కాగితం మీద అది గంభీరంగానే ఉంటుంది. చెవిలో పడేసరికి వాక్యం చివర క్రియ వచ్చేలోగా శ్రోత కర్తను మరిచిపోతాడు. వెనక్కి తిరగేయడానికి పేజీ లేదు మరి. గిడుగు రామమూర్తి 1940లో కన్నుమూశారు. ఆయన బతికుండగా పత్రికలతో, పరీక్షల బోర్డులతో పోరాడి సగం గెలిచిన వాడుక భాష వ్యవహారాన్ని, ఆయన పోయాక రేడియో తగువు లేకుండా గెలిపించింది. వాదించి కాదు, మరో మార్గం లేక. ‘చివరకు మిగిలేది’ రాసిన బుచ్చిబాబు వంటి రచయితలు కేంద్రంలో ఉద్యోగులుగా ఉండటం కలిసొచ్చింది. రాసిన వాక్యాన్ని నోటితో అని చూడకుండా మైకు ముందుకు పోకూడదని వాళ్లకు తెలుసు.

సాయంత్రం పొద్దువాలగానే పంచాయతీ రేడియో. రచ్చబండ దగ్గర గూట్లో పెట్టె, చెట్టుకు లౌడ్‌స్పీకరు. వరి తెగుళ్లు, ఎరువుల మోతాదు, ధరవరలు. ఇదీ చదువే, ఇందులో పరీక్ష మాత్రం పొలంలో. 1960-61లో దేశమంతటా ఏడు జిల్లాల్లో సాంద్ర వ్యవసాయ పథకం మొదలుపెడితే వాటిలో మన పశ్చిమ గోదావరి ఒకటి, తమిళుల తంజావూరు ఒకటి. తంజావూరు రైతులు ఏడీటీ 27 అనే కొత్త వరి వంగడం గురించి రేడియోలో విని నాటారు. దానికి ‘రేడియో వరి’ అనే పేరు పెట్టేశారు. ప్రసంగం విని జనం ఏం చేశారో తెలుసుకోవాలంటే ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పంటకే పేరు మారిపోయింది.

ఇంతసేపూ సినిమా పాట మాట రాలేదని గమనించే ఉంటారు. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ పదేళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. శాస్త్రీయ సంగీతమే దేశానికి మందు, సినిమా పాట జబ్బు అని ఆయన నమ్మకం. పాటల వాటా కోసేశారు, సినిమా పేరు చెప్పొద్దన్నారు. నిర్మాతలు అలిగి ప్రసార హక్కులు వెనక్కి తీసుకున్నారు. జనం అలగలేదు. బుల్లి ముల్లు అటు తిప్పి సిలోన్ పట్టుకున్నారు. కొలంబో నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు గొంతు కోసం ఎదురుచూసిన ఇళ్లు, పొద్దున భక్తిరంజనికి దీపం పెట్టిన ఇళ్లు వేర్వేరు కావు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టి ప్రభుత్వమే దిగొచ్చింది.

కేస్కర్ రాకకు చాలా ముందే, అలాంటి ఆవేశంలోనే, ఇంకో పని జరిగింది. హార్మోనియాన్ని 1940 నుంచి రేడియో గుమ్మం తొక్కనివ్వలేదు. గమకం పలకని పరదేశి పెట్టె అని అభ్యంతరం. సురభి నాటకాల నుంచి పద్యనాటకం దాకా హార్మోనియం మీదే బతికిన తెలుగు రంగస్థలానికి ఇదెంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. 1970లలో గాని నిషేధం సడలలేదు.

కేస్కర్‌ను తిట్టడం తేలిక. అయితే ఆయన హఠం లేకపోతే 1952 జులైలో జాతీయ సంగీత కార్యక్రమం మొదలయ్యేదా, శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు గంటన్నర పాటు ఒకే విద్వాంసుణ్ణి దేశం మొత్తం వినేదా అంటే, సందేహమే. అరగంట గడియారం నుంచి సంగీతకారుడికి విముక్తి దొరికేది ఆ రాత్రే. ప్రజలు అడిగి ఉంటే ఇది వచ్చేది కాదు. ప్రజలు అడగలేదు కాబట్టే వచ్చింది. ప్రజాస్వామ్యంలో ఈ మాట చెప్పడానికి కాస్త ఇబ్బందిగానే ఉంది.

రాత్రి వేళ మరో విశేషం. పగలు మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని కొంత దూరమే పోతాయి. పైకి పోయినవాటిని వాతావరణంలోని ఒక పొర మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర చెదిరిపోతుంది, తరంగాలు ఇంకా పైనున్న పొరను తాకి దూరంగా దిగుతాయి. అందుకే పగలు అందని విజయవాడ రాత్రిళ్లు ఎక్కడో ఒడిశా బొగ్గుగనుల్లోనో, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనో గరగరల మధ్య తెలుగు కచేరీ వినిపించేది. పనికోసం ఊరు విడిచినవాళ్లకు రోజు ముగిశాకనే సొంతూరు దగ్గరయ్యేది.

పదకొండు దాటాక కేంద్రం ముగిసేది. టేపు కొరత వల్ల పాత రికార్డింగులు చెరిపి, అదే టేపు మీద కొత్తవి ఎక్కించడం రేడియో కేంద్రాల్లో మామూలే. నిల్వ ఉన్నవి కొన్ని తర్వాత క్యాసెట్లయ్యాయి. గాల్లో కలిసినవే ఎక్కువ. కాని ఆ ఆడపిల్ల నోటుబుక్కు ఎవరూ చెరపలేదు. ఏ అటక మీదో, ఏ ట్రంకుపెట్టెలోనో, పట్టుచీర మడతల కిందో అది ఇంకా ఉండే ఉంటుంది. పెన్సిలు స్వరాలు, పక్కన తేదీ, మాస్టారి పేరు, కరెంటు పోయిన చోట ఖాళీ గీతలు. మీ ఇంట్లో అమ్మమ్మదో, మేనత్తదో అలాంటి పుస్తకం కనబడితే పాతసామాను వాడికి వెయ్యకండి. ఫోటోలు తీసి, ఎవరు రాశారో, ఏ ఊళ్లో రాశారో రాసి మా పత్రిక చిరునామాకు పంపండి. వచ్చే వారం డెక్కన్ రేడియో.